‘శాంక్షన్ అయింది’ అంటే డబ్బు వచ్చినట్టు కాదు: కాలేజీ, బ్యాంకు కాగితాల్లో మాటల సంగతి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీది మంగళగిరిలో మగ్గం మీద బతికే ఇల్లు. అమ్మాయికి ఈఏపీసెట్‌లో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు) కింద విజయవాడ పక్కన ఒక కాలేజీలో సీఎస్ఈ సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంటుకి అర్హత ఉందని కాగితంలో రాశారు, అయినా కాలేజీవాళ్లు ముందు కొంత కట్టమంటున్నారు. హాస్టలుకీ, లాప్‌టాప్‌కీ, మిగతా ఖర్చులకీ బ్యాంకు 3 లక్షల లోను మంజూరు చేసి లెటరు ఇచ్చింది. అందులో మారటోరియం, మార్జిన్, డిస్బర్స్‌మెంట్, కో-ఆబ్లిగెంట్, సబ్‌వెన్షన్ అని ఏవేవో ఉన్నాయి. వీటికి తోడు మీ ఆడపడుచుగారి అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ అడ్మిషన్ వచ్చింది, అక్కడి కాగితాల్లో ఇంకో భాష. ‘సంతకం పెట్టమంటున్నారు, ఎక్కడ ఏం ఒప్పుకుంటున్నానో తెలియడం లేదు’ అన్నారు. ఈ చివరి మాట కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను గుంటూరు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పాతికేళ్లు పనిచేశాను, అందులో పద్నాలుగేళ్లు స్కాలర్‌షిప్ సెక్షన్‌లోనే. ఇప్పుడు రిటైరై బ్రాడీపేటలో ఉంటున్నాను. కిటికీకి అవతల వైపు కూడా నిలబడ్డవాణ్ణే. మా అబ్బాయి చదువుకి లోను తీసుకుని, రోజూ పదిమందికి ఈ మాటలు చెప్పే నేనే ఒక మాట తప్పుగా అర్థం చేసుకున్నాను. ఆ కథ కింద చెబుతాను.

ముందు ఒక పని చేయండి. మీ దగ్గరున్న ప్రతి కాగితం మీదా పెన్సిలుతో రెండు గుర్తులు పెట్టండి. ఒకటి, ఈ డబ్బు తిరిగి కట్టాలా అక్కర్లేదా. రెండు, ఈ డబ్బు ‘ఇస్తాం’ అన్న దశలో ఉందా, నిజంగా వచ్చేసిందా. పేర్లు ఎన్ని మారినా ఈ రెండూ తేలితే సగం భయం పోతుంది. మాస్టర్ వీవర్ దగ్గర తెచ్చుకున్న అడ్వాన్సుకీ, నేసిన చీరకి వచ్చిన కూలికీ తేడా మీకు నేను చెప్పాల్సిన పని లేదు. చేతిలో పడేటప్పుడు రెండూ నోట్లే, కానీ ఒకటి మీది, ఇంకోటి తీర్చాల్సింది.

ఆర్టీఎఫ్‌తో మొదలుపెడదాం. కాలేజీ ఆఫీసులో ఎవరూ ‘ఫీజు రీయింబర్స్‌మెంటు’ అని పూర్తిగా అనరు, ఆర్టీఎఫ్ అంటారు. ట్యూషన్ ఫీజుని మీ బదులు ప్రభుత్వం కట్టడం. తిరిగి కట్టక్కర్లేదు. రాజశేఖరరెడ్డిగారి హయాం నుంచి ఉన్న పథకమే, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతుంది. 2020 నుంచి జగనన్న విద్యా దీవెన అన్నారు, డబ్బు తల్లి ఖాతాలో వేశారు, తర్వాత తల్లీ విద్యార్థీ కలిసి తీసిన జాయింట్ ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీకే వేసే పద్ధతికి వచ్చారు. అందుకే మీ వదినగారి అమ్మాయికి ‘అమ్మ ఖాతాలో పడ్డాయి’ అని విని మీ ఖాతా కోసం ఎదురుచూడకండి.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది, ఆర్టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు. ఆ కోర్సుకి, ఆ కాలేజీకి ప్రభుత్వం ఖరారు చేసిన కన్వీనర్ కోటా ఫీజు మాత్రమే. బస్సు, హాస్టలు, మెస్సు, ల్యాబ్ కోటు, యూనివర్సిటీ రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ పేరుతో వసూలు చేసేవి ఇందులో రావు. రసీదు అడిగినప్పుడు ‘ట్యూషన్ ఫీజు ఎంత, మిగతావి ఏవేవి’ అని విడివిడిగా రాయించుకోండి. మొత్తం కలిపి ఒక్క అంకె వేసి రసీదు ఇస్తే, రేపు ఆర్టీఎఫ్ వచ్చాక మీకు ఎంత తిరిగి రావాలో తేల్చడం ఎవరి తరమూ కాదు. రెండోది, కన్వీనర్ కోటా సీటుకే ఇది. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకి, ఇంట్లో ఎంత లేకపోయినా, రాదు. మీది కన్వీనర్ సీటే కాబట్టి ఆ దిగులు లేదు.

ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్, తిండికీ ఉండటానికీ ఇచ్చేది. దాన్నే వసతి దీవెన అన్న రోజుల్లో ఐటీఐకి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కి 15,000, డిగ్రీ ఆపైన చదువులకి 20,000 చొప్పున రెండు విడతల్లో ఇచ్చారు. హాస్టలు ఖర్చు ముందు అది మూలకు రాదు. కానీ తిరిగి కట్టక్కర్లేని డబ్బు కాబట్టి వదలకూడదు.

ఇక ‘అర్హత’ అన్న మాట. సీటు అలాట్‌మెంట్ కాగితంలో ఉన్నది తాత్కాలిక అర్హత. ఆదాయ పరిమితి 2.5 లక్షలు, అమ్మాయి హాజరు 75 శాతం దాటాలి, జ్ఞానభూమిలో (ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) నమోదు కావాలి, కాలేజీ ధ్రువీకరించాలి, బయోమెట్రిక్ పడాలి. ఏదో ఒకచోట ఆగినా ఆ ఏడాది ఫైలు అక్కడే పడి ఉంటుంది. తర్వాత ‘శాంక్షన్’ వస్తుంది. దాని తర్వాత బిల్లు పెట్టాలి, ఖజానా నుంచి ‘రిలీజ్’ కావాలి, అప్పుడు ‘క్రెడిట్’. నా కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన ఇంటర్నెట్ సెంటర్‌లో తీయించిన ప్రింటు పట్టుకుని వచ్చేవాడు. దాని మీద పచ్చరంగులో శాంక్షన్డ్ అని ఉంది. ‘వచ్చేసింది కదండీ, మావాడికి హాల్ టికెట్ ఇవ్వండి’ అంటాడు. అది శాంక్షనే బాబాయ్, రిలీజ్ కాలేదు అంటే, నేనేదో ఆయన డబ్బు దాచిపెట్టినట్టు చూసేవాడు. ఆయన తప్పేముంది? మన భాషలో మంజూరు అంటే ఇచ్చేశారనే కదా. ఆఫీసు భాషలో మంజూరు అంటే ఇవ్వడానికి ఒప్పుకున్నారని. ఆ రెండింటి మధ్య కొన్ని నెలలు పట్టొచ్చు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, శాంక్షన్ చూసి ఎవరికీ ‘ఈ నెలలో ఇచ్చేస్తా’ అని మాట ఇవ్వకండి.

మీ చేతిలో ఉన్నది ఒక్కటే, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్‌ని ఒక బ్యాంకు ఖాతాకి జత చేయడం. ఎంటీఎఫ్ లాంటివి ఆధార్ ద్వారా నేరుగా ఖాతాలో పడతాయి. ఆధార్‌కి ఎన్ని ఖాతాలైనా లింకు ఉండొచ్చు, కానీ ప్రభుత్వ డబ్బు పడేది మ్యాపింగ్ అయిన ఒక్క ఖాతాలోనే. ఆఖరున ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ చేయించారో అక్కడికే పోతుంది. మా దగ్గర ఒక పిల్లకి ఏడాదిగా డబ్బు రాలేదని ఏడుపు. తీరా చూస్తే, ఇంటర్‌లో ఉండగా సెల్‌ఫోన్ షాపులో ఎవరో తీయించిన ఇంకో ఖాతాలో రూపాయితో సహా భద్రంగా ఉన్నాయి. మీ అమ్మాయి ఆధార్‌తో ఒకసారి ఏ బ్యాంకుకి మ్యాప్ అయి ఉందో చూసుకోండి, సచివాలయంలో అడిగినా చెబుతారు.

కాలేజీ ముందే కట్టమంటోందన్నారు. రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే జీతాలు ఎలా ఇవ్వాలన్నది వాళ్ల బాధ, అందులోనూ నిజం ఉంది. కట్టగలిగితే కొంత కట్టండి, కానీ రసీదు మీద ‘ఆర్టీఎఫ్ వచ్చాక సర్దుబాటు చేయబడును’ అని ఒక్క ముక్క రాయించుకోండి. నోటిమాట మీద ఊరుకోవద్దు. కట్టలేకపోతే చాలాచోట్ల జరిగేది ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం. 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ చూసి, జిరాక్సులు తీసుకుని తిరిగి ఇచ్చేయాలి, తాకట్టు వస్తువులా పెట్టుకోకూడదు. ఈ సంగతి మీకు తెలుసని మర్యాదగా తెలియజేస్తే చాలు, గొడవ పడక్కర్లేదు. కిటికీలో కూర్చున్న గుమస్తా మీద కోపం తెచ్చుకోకండి, ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, మాకు పైనుంచి వచ్చేవి వేరే.

స్కాలర్‌షిప్ అన్న మాటని మన దగ్గర అన్నిటికీ వాడేస్తారు, బ్యాంకు లోనుని కూడా ‘గవర్నమెంట్ స్కాలర్‌షిప్ లోన్’ అనేవాళ్లని చూశాను. స్కాలర్‌షిప్ అంటే తిరిగి కట్టక్కర్లేనిదే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ప్రగతి అని ఒకటుంది, టెక్నికల్ చదువుల్లో చేరిన ఆడపిల్లలకి ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లలకి కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఇంకోటి, మొదటి మూడేళ్లు ఏడాదికి 12,000. వీటిలో చాలా వాటికి ‘మరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ తీసుకోవడం లేదు’ అని సంతకం పెట్టించుకుంటారు. అది చదవకుండా పెట్టి, రెండూ తీసుకుని, తర్వాత ఒకటి వెనక్కి కట్టిన వాళ్లున్నారు. ఏది ఎక్కువో లెక్క వేసుకుని ఒకటి ఎంచుకోండి. ‘ఫ్రెష్’ అంటే మొదటిసారి, ‘రెన్యువల్’ అంటే రెండో ఏడు నుంచి. ఎక్కువమంది పోగొట్టుకునేది రెన్యువల్ దగ్గరే. ఒకసారి వచ్చింది కదా, ఇక నాలుగేళ్లూ అదే వస్తుందనుకుంటారు. ప్రతి ఏడూ మళ్లీ పెట్టాలి.

ఇక బ్యాంకు లెటరు. ఇక్కడ నిదానంగా చదవండి.

నేను తప్పుగా అర్థం చేసుకున్న మాట మారటోరియం. 2010లో మా వాడికి 4 లక్షల లోను తీసుకున్నాను, ఏడాదికి లక్ష చొప్పున బ్యాంకు కాలేజీకి పంపింది. వడ్డీ 12 శాతం. మేనేజరు గారు ‘కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది మారటోరియం, అప్పటిదాకా మీరేం కట్టక్కర్లేదు’ అన్నారు. నేను హాయిగా తలూపి వచ్చేశాను. కట్టక్కర్లేదు అంటే వడ్డీ పడదు అనుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు, నేను అడగలేదు. 2015లో మొదటి ఈఎంఐకి ముందు పాస్‌బుక్ ప్రింటు వేయిస్తే బాకీ 5,68,000.

ఎలా వచ్చిందో చూడండి. 12 శాతం అంటే మన లెక్కలో రూపాయి వడ్డీ, లక్షకి నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. మొదటి లక్ష మీద అయిదేళ్లు, 60,000. రెండో లక్ష మీద నాలుగేళ్లు, 48,000. మూడో దాని మీద 36,000, నాలుగో దాని మీద 24,000. మొత్తం 1,68,000. ఇది బారువడ్డీయే, మారటోరియంలో వడ్డీ మీద వడ్డీ వేయరు. కానీ ఈఎంఐలు మొదలయ్యే రోజున ఆ 1,68,000 తీసుకెళ్లి అసలులో కలిపేస్తారు. అక్కడి నుంచి దాని మీదా వడ్డీయే. 4 లక్షలకి ఏడేళ్లలో తీర్చేలా నెలకి ఏడు వేల చిల్లర పడేది కాస్తా పది వేలు దాటింది. మధ్యలో ఆ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే మొత్తమ్మీద ఎనభై వేలు మిగిలేవి. ఆ రాత్రి మా ఆవిడ ‘ఊళ్లో అందరికీ చెబుతారు కదా’ అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు.

కాబట్టి మారటోరియం అంటే కట్టడానికి విరామం, వడ్డీకి విరామం కాదు. మీ లెటర్లో 10 శాతం అని రాశారు. అంటే నూటికి నెలకి 83 పైసలు, ముప్పావలా వడ్డీకి కొంచెం పైన, ధర్మవడ్డీ కన్నా తక్కువే. బయట రెండు రూపాయలకి తెచ్చుకోవడంతో పోలిస్తే ఇది ఎంతో నయం, అందుకని లోనే వద్దని మాత్రం అనను. 3 లక్షల్ని ఏడాదికి 75,000 చొప్పున విడుదల చేస్తారనుకుంటే, మొదటి ఏడు నెలకి 625 రూపాయలు వడ్డీ పడుతుంది. రెండో ఏడు 1,250, మూడో ఏడు 1,875, నాలుగో ఏడూ, ఉద్యోగం వెతుక్కునే ఏడూ 2,500. అయిదేళ్లకి మొత్తం 1,05,000. మీరు మొదటి ఏడు నుంచే నెలకి ఆ 625 కట్టగలిగితే కట్టేయండి. మూడో ఏడులో చేతకాకపోతే ఆపేయొచ్చు, ఎవరూ అడగరు. పాలకార్డులా అలవాటు పడితే పెద్ద బరువు కాదు. కోర్సులో ఉండగా వడ్డీ క్రమంగా కట్టేవాళ్లకి కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం దాకా తగ్గిస్తాయి, మీ బ్యాంకులో ఉందేమో అడగండి.

సబ్సిడీ, సబ్‌వెన్షన్ అన్నవి ఈ మారటోరియం వడ్డీ గురించే. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపు పొందిన కాలేజీలో టెక్నికల్ లేదా ప్రొఫెషనల్ చదువు అయితే, ఆ కాలంలో పడే వడ్డీ మొత్తం కేంద్రమే కట్టే పథకం ఒకటి 2009 నుంచి ఉంది, బ్యాంకుల్లో సీఎస్ఐఎస్ అంటారు. ఇక 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో, ఎంపిక చేసిన సంస్థల్లో చేరినవాళ్లకి, ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. అదీ మారటోరియం కాలానికే, ఆ తర్వాత పూర్తి రేటు. మొత్తం భరిస్తే సబ్సిడీ అనీ, కొంత భాగం భరిస్తే సబ్‌వెన్షన్ అనీ అనుకోండి, మీ అవసరానికి ఇది చాలు.

కానీ మీరు ఇక్కడ ఆగి చూడాల్సింది ఒకటుంది. విద్యాలక్ష్మి 3 శాతం, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో పొందేవాళ్లకి వర్తించదు. మీ అమ్మాయికి ఆర్టీఎఫ్ ఉంది. రెండూ వస్తాయని ఎవరైనా ఏజెంటు నమ్మబలికితే నమ్మకండి. మీ లెక్కలో ఆర్టీఎఫ్ విలువే ఎక్కువ, దాన్నే పట్టుకోండి. వడ్డీ రాయితీ ఏదైనా అడిగేముందు ‘మా అమ్మాయికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది’ అని బ్యాంకులో నోరు తెరిచి చెప్పండి, దాచి తీసుకున్నది తర్వాత మెడకి చుట్టుకుంటుంది. ఇంకో సంగతి, వడ్డీ రాయితీ దానంతటదే రాదు. ఆదాయ ధ్రువపత్రం బ్యాంకులో ఇవ్వాలి, వాళ్లు పోర్టల్‌లో పెట్టాలి. ఇచ్చినట్టు ఒక కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి.

మార్జిన్ అంటే మొత్తం ఖర్చులో మీ వంతు. మన దేశంలో చదువుకి 4 లక్షల దాకా లోనుకి మార్జిన్ ఉండదు, ఆపైన 5 శాతం, విదేశాలకి 15 శాతం. మీది 3 లక్షలే కాబట్టి ఆ గడిలో సున్నా ఉండాలి. లేకపోతే ఎందుకని అడగండి. పిల్లలకి వచ్చిన స్కాలర్‌షిప్‌ని కూడా మార్జిన్‌లో కలుపుకోవచ్చు, ఇది చాలామందికి తెలియదు.

కొలాటరల్ అంటే తాకట్టు. ఏడున్నర లక్షల దాకా విద్యాలోనుకి ప్రభుత్వ గ్యారంటీ నిధి ఉంది, ఇల్లో పొలమో అడగకూడదు. ఎవరైనా మీ ఇంటి కాగితాలు అడిగితే ‘ఏ నిబంధన కింద’ అని రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ గ్యారంటీ ఉంది కదా, కట్టకపోయినా ప్రభుత్వం కడుతుందిలే అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అది బ్యాంకుకి ఇచ్చిన ధైర్యం. మీ బాకీ మీ మీదే ఉంటుంది.

డిస్బర్స్‌మెంట్ అంటే విడుదల. 3 లక్షలు శాంక్షన్ అయితే 3 లక్షలు మీ చేతిలో పెట్టరు. కాలేజీ ఇచ్చిన ఫీజు లెటరు ప్రకారం ఏడాదికో సెమిస్టరుకో ఎంతయితే అంత, నేరుగా కాలేజీ, హాస్టలు ఖాతాకి పంపుతారు. విడుదలైన దాని మీదే వడ్డీ. మిగిలింది తీసుకోకపోతే దాని మీద పైసా వడ్డీ ఉండదు. కాబట్టి నాలుగో ఏడులో అవసరం లేకపోతే ‘మిగతాది వద్దు’ అనొచ్చు, శాంక్షన్ అయిందని వాడుకు తీరాలన్న రూలేం లేదు. పై ఏడు విడుదలకి వెళ్లినప్పుడు పోయిన ఏడు మార్కుల మెమో, ఫీజు రసీదులు అడుగుతారు, దాచి ఉంచండి.

ఇక కో-ఆబ్లిగెంట్. ఇది మీ సంతకం. ష్యూరిటీకీ దీనికీ తేడా ఉంది. ష్యూరిటీ అంటే వాళ్లు కట్టకపోతే నేను కడతాననడం. కో-ఆబ్లిగెంట్, కో-బారోయర్ అంటే ఈ అప్పు నాదీ, మా అమ్మాయిదీ, ఇద్దరిదీ అనడం. మొదటి రోజు నుంచీ ఇద్దరిదే. ఈఎంఐ తప్పితే అమ్మాయి సిబిల్‌తో (అప్పు సరిగ్గా తీరుస్తారా అని బ్యాంకులు చూసే స్కోరు) పాటు మీ సిబిల్ కూడా దెబ్బతింటుంది, రేపు మగ్గానికో ఇంటికో లోను కావాలంటే అక్కడ కనిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, తల్లిదండ్రుల్లో ఒకరు పెట్టక తప్పదు. కానీ మీ మరిదిని పెట్టమని అడిగితే ఆయనకి ఈ తేడా చెప్పి పెట్టించండి, లేకపోతే రేపు చుట్టరికం పోతుంది.

ఆర్టీఎఫ్, లోను రెండూ ఉన్నవాళ్లకి ఒక చిక్కు వస్తుంది. ఆర్టీఎఫ్ ఆలస్యమై, కాలేజీ ఒత్తిడి పడలేక ట్యూషన్ ఫీజుకి కూడా లోను డబ్బు పంపారనుకోండి. ఏడాది తర్వాత ప్రభుత్వం నుంచి అదే ఫీజు మళ్లీ కాలేజీకి వస్తుంది. అంటే రెండుసార్లు ముట్టింది. ఆ ఎక్కువ వచ్చింది మీకు రావాలి. అడిగితే తప్ప రాదు. మా సెక్షన్‌లో అడిగినవాళ్లకి ఇచ్చాం, అడగనివాళ్లది పైఏడు ఫీజులో సర్దాం, ఆఖరి ఏడు వాళ్లలో కొందరు టీసీ తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. వాళ్ల మొహాలు నాకిప్పటికీ గుర్తొస్తాయి. ప్రతి జూన్‌లో ఒకసారి అకౌంట్స్‌లో అమ్మాయి పేరు మీద లెడ్జరు చూపించమనండి. తిరిగి వచ్చిన డబ్బు ఉంటే మీ ఖాతాకి కాక నేరుగా లోను ఖాతాకి పంపమని అడగండి, అక్కడ వడ్డీ తగ్గుతుంది.

80ఈ గురించి కూడా అడిగారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి విద్యాలోను వడ్డీ మీద ఎనిమిదేళ్లు మినహాయింపు, అసలు మీద కాదు, పాత పన్ను విధానం ఎంచుకుంటేనే. మీకిప్పుడు అక్కర్లేదు, అమ్మాయి ఉద్యోగంలో చేరాక పనికొస్తుంది.

మీ ఆడపడుచుగారి అబ్బాయి సంగతి కొంచెం. అమెరికా యూనివర్సిటీ పంపే ఐ-20 ఫారంలో ఉన్న పెద్ద అంకె ఫీజు బిల్లు కాదు. కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ అంటే ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు అంచనా: ఫీజు, ఇంటద్దె, తిండి, ఇన్సూరెన్సు, పుస్తకాలు అన్నీ కలిపి. అంత డబ్బు చూపించాలి, అంతా యూనివర్సిటీకి కట్టరు. ట్యూషన్ వేవర్ అంటే ఫీజులో కొంతో మొత్తమో మాఫీ, చేతికి ఏమీ రాదు. అసిస్టెంట్‌షిప్ అంటే పని. పాఠం చెప్పడంలో సాయం, లేదా ప్రొఫెసరుగారి పరిశోధనలో పని, సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా. దానికి ఇచ్చే నెల డబ్బు స్టైపెండ్, చాలాచోట్ల దాంతో పాటు ఫీజు మాఫీ కూడా ఉంటుంది. అది ఒక సెమిస్టరుకా, ఏడాదికా, రెన్యూ అయ్యేదా అన్నది లెటరు ఆఖరి పేరాలో ఉంటుంది, అందరూ మొదటి పేరా చదివి ఊరంతా స్వీట్లు పంచుతారు.

ఫాఫ్సా ఫారం నింపితే అమెరికా ప్రభుత్వం డబ్బిస్తుందని ఎవరో చెప్పారన్నారు. అది అమెరికా పౌరులకీ, గ్రీన్‌కార్డు లాంటి అర్హత ఉన్నవాళ్లకీ. ఎఫ్-1 వీసా మీద వెళ్లే మన పిల్లలకి ఫెడరల్ సాయం ఉండదు. పెల్ గ్రాంట్, వర్క్-స్టడీ, సబ్సిడైజ్డ్ లోన్ అని ఇంటర్నెట్‌లో కనిపించేవన్నీ ఆ గుమ్మం అవతలివే. ఆ ఫారం నింపిపెడతానని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు. అబ్బాయి బ్యాంకు లోనుతో వెళుతుంటే, 2025 ఏప్రిల్ నుంచి విద్యాలోను డబ్బు విదేశానికి పంపితే టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) కోత లేదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటి పంపితే ఉంది, కానీ అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

మీ శాంక్షన్ లెటర్లో ‘ఫ్లోటింగ్’ అని, ‘రీసెట్’ అని ఎక్కడో ఉండాలి, వడ్డీ రేటు రెపోతో (రిజర్వ్ బ్యాంకు నిర్ణయించే రేటు) పాటు ఎప్పుడు మారుతుందో చెప్పేది అదే. మీరు పెట్టిన ఫోటోల్లో ఆ పేజీ లేదు. పేర్లూ, ఖాతా నెంబర్లూ కప్పేసి ఆ పేజీ కూడా ఫోటో పెట్టండి. సోమవారం సంతకానికి వెళ్లాలన్నారు కదా, ఆదివారం సాయంత్రం లోపు పెడితే చూసి చెబుతాను.